నీడ ఎన్నాళ్ళివ్వాలి?

(రేడియో మహిళా కార్యక్రమ ప్రసంగ పాఠం)

“ఎన్నాళ్ళని పెడతామండీ?”

ఇల్లు లేనివాళ్ళ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన ఇళ్ళల్లో వినిపించే మాట ఇది. ఈ మాట అనేవాళ్ళకి దయ లేదని నేననను. ఒక పూట అన్నం పెట్టటానికి, చలికాలంలో ఒక పాత దుప్పటి ఇవ్వటానికి మనలో చాలామందిమి వెనకాడం. సందేహమల్లా ఆ తర్వాత సంగతి గురించే. ఒకరోజు పెట్టాం, రెండు రోజులు పెట్టాం, ఆ పైన వాళ్ళ బతుకు వాళ్ళు చూసుకోవద్దా అంటాం. ఊరికే కూర్చోబెట్టి నీడనిస్తే సోమరులైపోతారేమో అని కూడా అంటాం. ఇవాళ ఈ ప్రశ్ననే కాస్త నిదానంగా ఆలోచిద్దాం. ఒక రాత్రి నీడ మనిషి ప్రాణం నిలుపుతుంది. కొన్నేళ్ళ నీడ మనిషిని తన కాళ్ళమీద నిలబెడుతుంది. రెండూ అవసరమే. కాని మొదటిది ఇచ్చి, రెండోది కూడా ఇచ్చేశామనుకుంటున్నాం. చిక్కంతా అక్కడే వుంది.

ఎక్కడో దూరాన చూడనక్కర్లేదు. తెల్లవారక ముందే బషీర్‌బాగ్ నుంచి నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి దాకా ఒకసారి నడిచి చూడండి. మూసివున్న దుకాణాల మెట్లమీద, వంతెనల కింద, ఆస్పత్రి ప్రహరీల పక్కన మనుషులు పడుకుని కనిపిస్తారు. మనం వాళ్ళందరినీ కలిపి “అడుక్కునేవాళ్ళు” అనేస్తాం. దగ్గరికి వెళ్ళి అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. ఒకడు హోటల్లో గిన్నెలు కడిగేవాడు. ఇంకొకడు అడ్డామీద నిలబడి కూలికి పోయేవాడు. ఒకామె భర్తను ఆస్పత్రిలో చేర్చి, గది అద్దెకు తీసుకునే తాహతు లేక గోడవారన పడుకున్నది. ఒక ముసలాయన్ని కొడుకులు బస్సెక్కించి పంపేశారు. ఒకామెకు మతి స్థిమితం లేదు. ఊరి పేరు అడిగితే నవ్వుతుంది. వీళ్ళల్లో చాలామంది పగలంతా పనిచేసేవాళ్ళే. రాత్రి పడుకోవటానికి మాత్రం చోటు లేనివాళ్ళు.

2011 జనాభా లెక్కలప్పుడు ఫిబ్రవరి 28 రాత్రి ఇటువంటివాళ్ళను ప్రత్యేకంగా లెక్కపెట్టారు. రోడ్డు పక్కన, తూముల్లో, మెట్ల కింద, గుడి మంటపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద వుండేవాళ్ళంతా ఆ లెక్కలోకి వచ్చారు. దేశం మొత్తంమీద 17 లక్షల 70 వేల పైచిలుకు తేలారు. అందులో పట్టణాల్లో వున్నవాళ్ళు 9 లక్షల 38 వేలు. పదేళ్ళ కిందట, 2001లో, పట్టణాల లెక్క 7 లక్షల 78 వేలు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇల్లు లేనివాళ్ళు సుమారు లక్షా 45 వేలమంది. ఒక్క రాత్రిలో, చీకట్లో, కదిలిపోయే మనుషులను లెక్కపెట్టటం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. అసలు సంఖ్య ఇంతకంటె ఎక్కువే అని ఈ రంగంలో పనిచేసేవారి అభిప్రాయం.

ఇప్పుడు ఒక ఇల్లాలి సంగతి అనుకుందాం. పేరెందుకు లెండి. పాలమూరు వైపు నుంచి భర్తతో కలిసి పట్నానికి కూలికి వచ్చింది. భర్త పోయాడో, వదిలేసి పోయాడో. రెండు నెలల అద్దె బాకీ పడితే ఇంటివాళ్ళు తాళం వేసుకున్నారు. ఏడేళ్ళ కూతురితో, ఒక మూటతో రోడ్డున పడింది. మరునాటి నుంచి ఆమె బతుకు ఎట్లా నడుస్తుందో చూడండి.

మొదటిది నిద్ర. రోడ్డుపక్కన పిల్లను పెట్టుకుని ఏ తల్లీ కంటినిండా నిద్రపోదు. చీరకొంగు పిల్ల చేతికి ముడివేసుకుని కునికిపాట్లు పడుతుంది. నిద్ర లేని మనిషి మర్నాడు ఇటుకలు ఏం మోస్తుంది? రెండోది స్నానం. దొడ్డికి పోవాలన్నా, నాలుగు చెంబులు పోసుకోవాలన్నా డబ్బు పెట్టాలి. తడిచీర ఎక్కడ ఆరేసుకుంటుంది? మూడోది ఆ మూట. దాన్ని వదిలి పనికి పోతే సాయంత్రానికి వుండదు. పిల్లను వదిలి పోవటం అంతకంటె లేదు. నాలుగోది తిండి. ఈ సంగతి మనకు మగవాళ్ళకంటె బాగా అర్థమవుతుంది. పొయ్యి వున్నవాళ్ళకి కిలో బియ్యం రెండు పూటలొస్తాయి. పొయ్యి లేనివాళ్ళు పూటపూటకీ కొనుక్కు తినాలి. 2014లో నగరంలో అయిదు రూపాయల భోజనం మొదలైన తర్వాత మధ్యాహ్నం పూటకి కాస్త ఊరట కలిగింది. అయినా రాత్రి పూటకి చెయ్యి జాపవలసిందే, లేకపోతే కొనవలసిందే. బీదవాళ్ళకి బతుకు చవక అనుకుంటాం గాని, ఇల్లు లేనివాళ్ళకి బతుకు మనకంటె ఖరీదు.

ఇక అయిదోది, అన్నింటికన్నా పెద్దది. ఆమె మన ఇంటికే వచ్చి “అమ్మా, అంట్లు తోముతాను, పని ఇప్పించండి” అన్నదనుకోండి. మనం మొట్టమొదట అడిగేది ఏమిటి? “ఎక్కడుంటావు?” అని. ఫుట్‌పాత్ మీద అంటే తలుపు వేసుకుంటాం. మనను తప్పుపట్టటానికి కాదు చెప్పేది. ఎవరైనా అంతే చేస్తారు. కాని ఫలితం చూడండి. ఇల్లు లేదు గనక పని దొరకదు. పని లేదు గనక ఇల్లు దొరకదు. పిచ్చి కుదిరితేగాని పెళ్ళికాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదన్న సామెత వుంది చూశారూ, అట్లా వుంటుంది ఆమె వ్యవహారం.

ఇటువంటి ఆమెకు మూడు రాత్రులు నీడ ఇచ్చామనుకోండి. మొదటి రాత్రి ఒళ్ళెరగకుండా నిద్రపోతుంది. రెండో రాత్రికి పిల్లకు జ్వరం తగ్గుతుంది. మూడో రాత్రి రేపెక్కడికి పోవాలా అని మళ్ళీ నిద్రపట్టదు. నాలుగో రోజు తిరిగి అదే అరుగుమీదకి వస్తుంది. బావిలోంచి చేదను సగం దాకా లాగి తాడు వదిలేస్తే ఏమవుతుంది? చేతులు నొప్పిపుట్టటం తప్ప చుక్క నీరు రాదు.

అదే ఆమెకు ఒక ఏడాదో, రెండేళ్ళో కదలనక్కర్లేని చోటు దొరికితే? మొదటి నెలంతా పెద్దగా ఏమీ జరిగినట్టు కనిపించదు. తింటుంది, పడుకుంటుంది, ఎవరితోనూ మాట్లాడదు. చూసేవాళ్ళకి “ఇదిగో, ఊరికే కూర్చుంది” అనిపించేది ఇక్కడే. నిజానికి ఒంట్లో ఏళ్ళ తరబడి పేరుకున్న అలసట తీరుతోంది. రెండో నెలలో ఆస్పత్రికి వెళ్ళి రక్తం పరీక్ష చేయించుకుంటుంది. ఆశ్రయం నడిపేవాళ్ళ సాయంతో ఆధార్ కార్డుకి అర్జీ పెడుతుంది. చిరునామా ఒకటుంటే బ్యాంకు ఖాతా వస్తుంది. రేషను బియ్యానికి, పింఛనుకి అర్జీ పెట్టుకోవచ్చు. తెలంగాణలో 2014లో ఆసరా పింఛన్లు మొదలైనాయి. 2017 నుంచి ఒంటరి మహిళలను కూడా అందులో చేర్చారు. పింఛను హక్కుగా వున్నా, కాగితం లేనివాళ్ళకి అది ఆకాశంలో చందమామే. పిల్లను బళ్ళో వేస్తుంది. పిల్ల బళ్ళో వుంటే తల్లి చేతులు ఖాళీ అవుతాయి. మూట పెట్టుకోవటానికి తాళమున్న పెట్టె వుంటే పనికి పోగలుగుతుంది. “ఎక్కడుంటావు?” అంటే జవాబు చెప్పగలుగుతుంది. ఆరునెలలు జీతం కూడబెడితే గదికి అడ్వాన్సు కట్టగలుగుతుంది. నీడ ఇవ్వటమంటే పైకప్పు ఇవ్వటమని మాత్రమే అనుకుంటాం. అసలు ఇచ్చేది వ్యవధి. ఒక పని ముగిసి ఇంకో పని మొదలుపెట్టేదాకా ఎవరూ లేపి వెళ్ళగొట్టరన్న ధైర్యం.

ఇదేమీ మనకు కొత్త విద్య కాదు. వారాలు చేసుకుని చదువుకోవటమనేది మీ తాతగారో, ముత్తాతగారో చెప్పగా వినే వుంటారు. బీద పిల్లవాడు పట్నంలో చదువుకి వస్తే ఏడిళ్ళవాళ్ళు ఏడు రోజులు పంచుకుని అన్నం పెట్టేవారు. సోమవారం ఫలానా వారింట్లో, మంగళవారం ఫలానా వారింట్లో. ఆ ఏర్పాటులో గొప్పతనం అన్నంలో లేదు, అన్నం ఏ ఇంటికెడితే పుడుతుందో ముందే తెలియటంలో వుంది. చదువు పూర్తయ్యేదాకా, మూడేళ్ళయినా నాలుగేళ్ళయినా, ఆ ఇంటి ఇల్లాలు ఆ రోజు విస్తరి వేసేది. ఆ విధంగా ఎంతమంది ప్లీడర్లు, డాక్టర్లు, పండితులు తయారయ్యారో లెక్కలేదు. వాళ్ళల్లో ఒక్కర్నీ సోమరి అనలేదు మనం. అయితే కులం చూసి, గోత్రం చూసి పెట్టిన అన్నం అది చాలాచోట్ల. ఆ హద్దును చెరిపేసి, ఆ పద్ధతిని మాత్రం వుంచుకుంటే చాలు.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారని మనందరం చదువుకున్నాం. పెళ్ళి చేయించటంతో ఆయన పని అయిపోలేదు. ఊరు వెలివేసిన ఆ దంపతులకు వుండటానికి చోటు కావాలి, జరుగుబాటు కావాలి. వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వండిపెట్టారు. ఉపన్యాసం ఒకరోజు ఇవ్వవచ్చు. నీళ్ళు రోజూ మొయ్యాలి. సంస్కరణ నిలబడింది ఆ రోజువారీ మోతవల్లనే. ఆ తర్వాత ఉన్నవ లక్ష్మీనారాయణగారు గుంటూరులో 1922లో శారదానికేతనం పెట్టారు. అక్కడ కూడా ఆడపిల్లలకు నీడా చదువూ కలిపే ఇచ్చారు.

మన పక్కనే, విద్యానగర్‌లో ఆంధ్ర మహిళా సభ ఆస్పత్రి వుంది, మీలో చాలామంది పురుళ్ళకో పుణ్యాలకో వెళ్ళే వుంటారు. ఆ సభను దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు 1937లో మద్రాసులో స్థాపించారు. భర్త పోయినవాళ్ళు, వదిలేసినవాళ్ళు, చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళు ఆమె దగ్గరికి వచ్చేవారు. వాళ్ళకు చీరలు పంచి పంపేస్తే పుణ్యం వచ్చేది, పని జరిగేది కాదు. హాస్టల్లో వుంచి, చదువు చెప్పించి, మెట్రిక్ పరీక్షకి కూర్చోబెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె మొదటి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఆ మండలి పెద్ద ఆడవాళ్ళకు రెండేళ్ళ సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. రెండేళ్ళు అన్న మాట గమనించండి. ఒక మనిషి బతుకు దారి మళ్ళటానికి ఎంత వ్యవధి పడుతుందో ఆమెకు తెలుసు. ఆ మండలిని 2022లో రద్దు చేశారు గాని, అది నేర్పిన పాఠం రద్దు కాలేదు.

ఇప్పుడు మన అశోక్‌నగర్ సంగతే చూడండి. ఏ సందులో చూసినా హాస్టలు బోర్డులే. జిల్లాలనుంచి వచ్చిన పిల్లలు గ్రూప్స్ పరీక్షలకి ఏళ్ళ తరబడి అక్కడే వుండి చదువుతారు. సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు పొద్దున్నే బారులు తీరతారు. తల్లిదండ్రులు పుస్తెలు కుదువపెట్టి నెలనెలా డబ్బు పంపుతారు. “ఎన్నాళ్ళురా?” అని విసుక్కున్నా, ఒక్క ఏడాదిలో ఉద్యోగం రాలేదని నడిరోడ్డున వదిలెయ్యరు. కన్నబిడ్డ నిలదొక్కుకోవటానికి అయిదేళ్ళు పట్టవచ్చునని ఒప్పుకునే మనం, ఏమీ లేని ఆడమనిషి మాత్రం వారం రోజుల్లో బాగుపడాలని కోరటం న్యాయమేనా?

ప్రభుత్వాలు, న్యాయస్థానాలు కూడా నెమ్మదిగా ఈ విషయాన్ని గుర్తిస్తూ వచ్చాయి. 1985లో సుప్రీంకోర్టు బొంబాయి ఫుట్‌పాత్‌వాసుల కేసులో తీర్పు చెబుతూ, జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనన్నది. మనుషులు ఫుట్‌పాత్ మీద వుండేది పని అక్కడ దగ్గరలో వుంది గనక అని ఒప్పుకున్నది. ఈ ముక్క చాలా ముఖ్యం. పని కోఠీలో, నారాయణగూడలో వుంటే, నీడ ఊరికి పాతిక కిలోమీటర్ల అవతల కట్టిస్తే ఎవరు పోతారు? పోలేదు గనక వాళ్ళకి ఇల్లు అక్కర్లేదని మనం అనుకోకూడదు. 2010లో అదే కోర్టు, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒకటి చొప్పున ఏడాది పొడుగునా నడిచే ఆశ్రయాలు పెట్టమని రాష్ట్రాలను ఆదేశించింది. చలికాలం మూడు నెలలూ తెరిచి తర్వాత మూసేస్తే లాభం లేదన్నమాట. 2013లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద ఈ ఆశ్రయాలకు నియమాలు రాశారు. ఒక్కో దానిలో 50 నుంచి 100 మంది వుండాలి. ఒక్కొక్కరికి కనీసం 50 చదరపు అడుగుల చోటు వుండాలి. అంటే మన ఇళ్ళల్లో ఒక చిన్న వంటగదంత. మంచినీళ్ళు, మరుగుదొడ్లు, వంట చేసుకునే చోటు వుండాలి. గుర్తింపు కాగితాలు, పింఛను, పిల్లల బడి వీటన్నిటికీ ఆశ్రయమే దారి చూపించాలి. కాగితం మీద చాలా మంచి నియమాలివి. మన నగర పాలక సంస్థ పరిధిలో 2011 నాటికే 67 లక్షల జనాభా వుంది. లక్షకొకటి చొప్పున ఎన్ని ఆశ్రయాలుండాలో మీరే లెక్క వేసుకోండి. నగరంలో ఆశ్రయాలు వచ్చాయి, స్వచ్ఛంద సంస్థలు వాటిని నడుపుతూ వచ్చాయి, ఎందరికో మేలు జరిగింది. కాని ఆ సంఖ్యకు దరిదాపుల్లోకి కూడా రాలేదు.

ఆడవాళ్ళకి వేరే ఏర్పాట్లు వున్నాయి. 2015లో మొదలైన సఖి కేంద్రాల్లో కొట్టి తరిమితే వచ్చిన ఆడమనిషికి అయిదు రోజుల దాకా నీడ, వైద్యం, పోలీసు సాయం, వకీలు సలహా దొరుకుతాయి. అది మొదటి మెట్టు. ఆ పై మెట్టు స్వాధార్ గృహాలు. గృహహింసకు గురైనవాళ్ళు ఏడాది దాకా, మిగతావాళ్ళు మూడేళ్ళ దాకా, 55 ఏళ్ళు దాటినవాళ్ళు అయిదేళ్ళ దాకా వుండవచ్చునని వాటి నియమాలు చెప్పాయి. 2022లో వాటిని మిషన్ శక్తి కింద శక్తి సదన్‌లుగా మార్చారు. ఈ అంకెలు చూస్తే, ఈ నియమాలు రాసినవాళ్ళకి కూడా “ఎన్నాళ్ళు?” అన్న ప్రశ్నకు జవాబు రోజుల్లో కాదు, ఏళ్ళల్లో చెప్పాలని తెలిసిందన్నమాట.

దీనికి విరుద్ధంగా జరిగినదాన్ని కూడా మనం మన కళ్ళతోనే చూశాం. 2017 నవంబరు చివర మన నగరంలో ఒక అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఆ సదస్సు సందర్భంగా రెండు నెలలపాటు భిక్షాటనను నిషేధించారు. రోడ్లమీద దొరికినవాళ్ళను, మగవాళ్ళను చంచల్‌గూడ జైలు దగ్గరి ఆశ్రమానికి, ఆడవాళ్ళను చర్లపల్లికి తరలించారు. ఆచూకీ చెప్పినవాళ్ళకి 500 రూపాయలు ఇస్తామన్నారు. ఇకమీద అడుక్కోమని రాయించుకుని చాలామందిని వదిలేశారు. కొద్ది రోజులు కూడళ్ళు శుభ్రంగా కనిపించాయి. ఇల్లు లేనివాడు కంటికి కనిపించకుండా పోవటం వేరు, ఇల్లు లేకపోవటం పోవటం వేరు. పండగకి చుట్టాలొస్తున్నారని చెత్తనంతా మంచం కిందకి తోసేస్తే ఇల్లు శుభ్రమైనట్టు కాదని మనకంటె బాగా ఎవరికి తెలుసు? పైగా ఇక్కడున్నది చెత్త కాదు, మనుషులు.

మరి నిజంగా బాగుపడ్డవాళ్ళు వున్నారా అని మీరడుగుతారు. వున్నారు. మద్రాసులో 1993లో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు ‘ది బన్యన్’ అనే సంస్థ పెట్టారు. వీధిలో మతి స్థిమితం లేకుండా తిరుగుతున్న ఒక స్త్రీని చూసి కదిలిపోయి మొదలుపెట్టిన పని అది. అటువంటి స్త్రీలను చేర్చుకుని, మందులిచ్చి, మాట కలిపి, కోలుకున్నాక ఊరు వెతికి ఇంటికి పంపేవారు. చాలామంది వెళ్ళారు. కాని కొందరికి ఇల్లు దొరకలేదు. దొరికినా ఇంట్లోవాళ్ళు రానివ్వలేదు. జబ్బు తగ్గినా వాళ్ళు ఏళ్ళ తరబడి ఆస్పత్రి వంటి చోటనే వుండిపోయారు. 2015లో ఆ సంస్థ ఒక కొత్త పని చేసింది. మామూలు వీధుల్లో మామూలు ఇళ్ళు అద్దెకు తీసుకుని, నలుగురైదుగురు స్త్రీలను ఒక్కో ఇంట్లో వుంచింది. కావలసినంత సాయానికి ఒక కార్యకర్త వుంటుంది. మిగతాదంతా వాళ్ళదే. కూర ఏం వండాలో వాళ్ళే చూసుకుంటారు. కూరలబ్బితో బేరమాడతారు. పక్కింటివాళ్ళతో పేరంటానికి వెళతారు. ఇది తాత్కాలికం కాదు, ఇష్టమైనన్నాళ్ళు వుండవచ్చు. ఈ పద్ధతి తమిళనాడు దాటి కేరళకీ, అస్సాంకీ వెళ్ళింది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం కూడా, ఇంటివాళ్ళు రానివ్వలేదన్న కారణంగా ఎవరినీ ఆస్పత్రిలోనే వుంచెయ్యకూడదనీ, సమాజంలో బతకటం వాళ్ళ హక్కనీ చెప్పింది.

దూరదేశపు సంగతి ఒకటి చెబుతాను. ఫిన్లండు దేశ జనాభా మన హైదరాబాదు నగరం కన్నా తక్కువ. అక్కడ 1987లో ఇల్లు లేనివాళ్ళు 18 వేలకు పైగా వుండేవారు. వాళ్ళూ మొదట రాత్రి బసలే నడిపారు. 2008 నుంచి దారి మార్చారు. “ముందు తాగుడు మాను, ముందు ఉద్యోగం చూసుకో, తర్వాత ఇల్లిస్తాం” అనటం మానేశారు. ముందు ఇల్లు, అదీ వాళ్ళ పేరుమీదే అద్దె కాగితం రాసి ఇచ్చారు. ఆ పైన వైద్యం, ఉద్యోగం, సలహా. హెల్సింకీలో పెద్ద పెద్ద రాత్రి బసలను పగలగొట్టి విడివిడి చిన్న ఇళ్ళుగా మార్చేశారు. 2023 నాటికి ఇల్లు లేనివాళ్ళ సంఖ్య మూడున్నర వేలకు దిగింది. 2024లో మళ్ళీ కొంచెం పెరిగింది. అంటే ఒకసారి చేసి చేతులు కడుక్కునే పని కాదు ఇది. మన ఇళ్ళల్లో వంటపని లాగా రోజూ చెయ్యవలసినదే. వాళ్ళు ధనవంతులు, మనకు సాధ్యమా అంటారేమో. వాళ్ళ డబ్బు మనకు లేదు. వాళ్ళు పట్టుకున్న వరస మాత్రం మనం కూడా పట్టుకోవచ్చు. ముందు నీడ, తర్వాత మిగతావన్నీ.

సోమరులవుతారన్న మాట మళ్ళీ చూద్దాం. నీడ దొరికాక ఎవరూ పని మానరని నేను చెప్పను. ఉమ్మడి కుటుంబాల్లో కూడా కూర్చుని తినేవాడు ఒకడుండేవాడు. ఆ ఒక్కడికోసం పదిమందికీ వంట మానేసుకున్నామా? అయితే నీడనిచ్చేవాళ్ళు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. నీడ పేరుతో తాళం వేసి, బయటకు పోనివ్వకుండా, మాట్లాడనివ్వకుండా వుంచితే అది నీడ కాదు. ఎక్కడ ఆ మనిషికి తన పెట్టె తాళంచెవి తన దగ్గరే వుంటుందో, తన సంపాదన తన ఖాతాలోనే పడుతుందో, ఎప్పుడు వెళ్ళాలో తాను నిర్ణయించుకోగలుగుతుందో అక్కడే మనిషి నిలబడుతుంది. నీడ ఇచ్చే చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకోవాలి. గదికి వెళ్ళాక కూడా నెలకోసారి వెళ్ళి చూసి రావాలి. ఆడపిల్లను అత్తారింటికి పంపాక పట్టించుకోకుండా వుంటామా?

ఇక మనకే తగిలే ముక్క ఒకటుంది. ఈ ప్రసంగం ఎవరో రోడ్డుమీది వాళ్ళ గురించి అనుకుంటున్నారేమో. మనం వుంటున్న ఇల్లు ఎవరి పేరుమీద వుంది? ఒక పెద్ద తగాదా వచ్చి, అర్ధరాత్రి తలుపు బయట నిలబడవలసివస్తే ఎక్కడికి పోతాం? పుట్టింటికి అంటారు. అమ్మా నాన్నా వున్నంతకాలం సరే. ఆ తర్వాత? ఇల్లాలు అనే మాటలో ఇల్లు వుంది గాని, దస్తావేజులో ఇల్లాలి పేరు చాలాచోట్ల వుండదు. 2005 నాటి గృహహింస చట్టం, భర్తతో కాపురం చేసిన ఇంట్లో వుండే హక్కు భార్యకు ఇచ్చింది, ఆ ఇల్లు ఎవరి పేరుమీద వున్నా సరే. 2020లో సుప్రీంకోర్టు, అత్తమామల ఇల్లైనా కాపురం అక్కడే సాగివుంటే ఆ హక్కు వర్తిస్తుందని స్పష్టం చేసింది. అది ఇంటిని ఆమె సొంతం చెయ్యదు గాని, చట్టప్రకారం తప్ప ఆమెను గెంటెయ్యటానికి వీల్లేదంటుంది. ఈ సంగతి మీకు తెలిసివుండాలి, మీ కూతురికీ, మీ ఇంట్లో పనిచేసే ఆమెకూ చెప్పివుండాలి. ఫుట్‌పాత్ మీద వున్న ఆ ఇల్లాలికీ మనకూ మధ్య దూరం మనం అనుకునేంత ఎక్కువ కాదు.

మరి మనం చెయ్యగలిగేదేమిటి? పెద్ద పనులు చెప్పను.

మీ వీధిలో ఒంటరి ఆడమనిషి, పిల్లలు, ముసలివాళ్ళు రోడ్డున పడివుంటే ఫోను చెయ్యండి. మహిళలకు 181, పిల్లలకు 1098, పెద్దవాళ్ళకు 14567. ఈ నంబర్లు వంటింట్లో కాలెండరు పక్కన రాసిపెట్టుకోండి. ఫోను చేసి వూరుకోకుండా నాలుగు రోజుల తర్వాత ఏమైందో కనుక్కోండి.

మీ పేటలో ఆశ్రయం పెడతామని ఎవరైనా వస్తే, “ఇక్కడొద్దు, ఇంకెక్కడైనా పెట్టుకోండి” అని సంతకాలు సేకరించేవాళ్ళు వస్తారు. ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక్క పూట ఆలోచించండి. ఆశ్రయం లేనంత మాత్రాన ఆ మనుషులు లేకుండా పోరు. మెట్లమీద వుంటారు.

దానం చేసేవాళ్ళు చాలామంది పుట్టినరోజుకి, పెళ్ళిరోజుకి ఆశ్రయాలకి వెళ్ళి పులిహోర, లడ్డూ పంచుతారు. పంచండి. కాని ఆశ్రయం ఆగిపోయేది లడ్డూ లేక కాదు. అద్దె, కరెంటు, నీళ్ళు, సబ్బులు, నెలసరి గుడ్డలు, రాత్రి కాపలా మనిషి జీతం ఇవి అందక ఆగిపోతుంది. ఏడాదికి ఒకసారి అయిదువేలు ఇచ్చేకంటె నెలకి నాలుగు వందలు తప్పకుండా ఇస్తే వాళ్ళకి ఎక్కువ ఉపయోగం. నలుగురు ఇరుగుపొరుగులు కలిసి చీటీ వేసుకున్నట్టుగా వంతులు వేసుకుంటే ఎవరికీ బరువు కాదు. వారాలబ్బాయికి విస్తరి వేసినట్టే ఇదీ.

ఆశ్రయం నుంచి వచ్చిన మనిషిని పనిలో పెట్టుకోండి. అక్కడివాళ్ళు హామీ వుంటారు. జీతం నెల తిరగ్గానే ఇవ్వండి, వీలైతే ఖాతాలోనే వెయ్యండి. మీకు మేడమీద చిన్న గది ఖాళీగా వుంటే, ఒంటరి ఆడమనిషి అద్దెకి అడిగితే “మొగుడేడీ?” అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఆశ్రయంలో రెండేళ్ళు కష్టపడి నిలదొక్కుకున్న మనిషి చివరికి తట్టవలసింది మనలాంటివాళ్ళ తలుపే. ఆ తలుపు తెరుచుకోకపోతే, ప్రభుత్వం కట్టించిన భవనాలు, కోర్టులిచ్చిన తీర్పులు, అంతకుముందు జరిగిన రెండేళ్ళ శ్రమ అంతా అక్కడే ఆగిపోతుంది.

“ఎన్నాళ్ళని పెడతామండీ?” అని ఇకమీద ఎవరైనా అడిగితే, “ఆమె తన గదికి తాళం వేసుకుని మనింటికి పేరంటానికి వచ్చేదాకా” అని చెప్పండి. కొందరికి అది ఆరునెలల్లో అవుతుంది. కొందరికి మూడేళ్ళు పడుతుంది. మతి స్థిమితం లేనివాళ్ళకి, ఎవరూ లేని ముసలివాళ్ళకి జీవితాంతం కావాలి. మన ఇంట్లోనూ ఒక్కొక్కరికి ఒక్కో లెక్కే కదా.